ఆడని ఐదో రౌండు

మా తిరువూరు చదరంగం క్లబ్బు వాళ్ళు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. మొదటినుంచీ టోర్నమెంటు గెలిచినవాళ్ళ పేర్లన్నీ ఒక పలక మీద రాయించి హాల్లో పెడతారట. అన్నిటికన్నా పైన నా పేరు. దాంతోపాటు ఒక సంచిక వేస్తారట. "మొట్టమొదటి పోటీ గురించి మీరే రాయాలి మాస్టారూ. అప్పటి సంగతులు తెలిసినవాళ్ళు మీరు తప్ప ఎవరున్నారు?" అన్నారు. నేను కాఫీ ఇప్పించి సరేనన్నాను.

వాళ్ళు అడిగినది రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను. నాలుగోసారి ఇది రాస్తున్నాను. పలక మీద నా పేరు వద్దు. ఆ పోటీ నేను గెలవలేదు. గెలిచినట్టు లెక్క కట్టి చూపించాను. లెక్కల మాస్టారు చెప్పాడు కదా అని ఊరు నమ్మింది.

దివిసీమలో ఉప్పెన వచ్చిన మరుసటి ఎండాకాలం అది. నాకు ఇరవై ఆరేళ్ళు. హైస్కూల్లో ఉద్యోగం కొత్త. ఊళ్ళో చదరంగం ఆడేవాళ్ళకు కొదవ లేదు. మామిడికాయల కమిషను కొట్లలో ఆడేవాళ్ళు, లారీ ఆఫీసులో ఆడేవాళ్ళు, బస్టాండు పక్క టీ కొట్టు బల్ల మీద ఆడేవాళ్ళు. ఎవరి రూల్సు వాళ్ళవి. ఒకచోట బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. ఇంకోచోట రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఈ దూకుడు గురించి లారీ ఆఫీసు దగ్గర రెండు గుంపులు కొన్నాళ్ళు మాట్లాడుకోవడం మానేశాయి కూడా.

మా చదరంగం సంఘానికి సెక్రటరీ ఒక బట్టల కొట్టు యజమాని. బెజవాడలో జిల్లా పోటీ పెడుతున్నారని, ఒక్కో తాలూకా నుంచి ఒక్కరిని పంపమన్నారని ఆయనకు కబురు వచ్చింది. ఒక్కరంటే ఒక్కరే. ఆయన తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. గుంటూరులో చదివే రోజుల్లో నేను అక్కడి పోటీల్లో బల్లలు సర్దడానికి వెళ్ళేవాడిని. అక్కడ స్విస్ పద్ధతి అనే మాట విన్నాను, దాని నడక చూశాను. తిరువూరులో ఆ మాట తెలిసినవాడిని నేనొక్కడినే. ఆ గొప్ప నాకు బాగానే ఉండేది.

"స్విస్‌లో ఎవరూ ఇంటికి పోరండి," అని చెప్పాను సెక్రటరీకి. "మొదటి రౌండు అయ్యాక గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో, ఓడినవాళ్ళు ఓడినవాళ్ళతో ఆడతారు. ప్రతి రౌండుకీ సమానమైన పాయింట్లున్నవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టడమే. ఎవరికైనా చివరిదాకా ఆట ఉంటుంది."

"ఓడినోడికి మళ్ళీ ఆటేంటండీ?" అన్నాడాయన. "కబడ్డీలో ఓడితే బనీను తీసేసి ఇంటికెళ్ళిపోతాం. ఇదేంటి, ఒకసారి పోయిన పరువు మళ్ళీ మళ్ళీ పోగొట్టుకోడానికా?"

"ఒక్క ఆట చెడినంత మాత్రాన మంచి ఆటగాడు పోకూడదని."

"సరే. మరి ఎప్పటికి తేలుద్ది? అందరూ అందరితో ఆడాలంటే వర్షాలొచ్చేస్తాయి."

ఆ ప్రశ్న కోసమే నేను ఎదురు చూస్తున్నాను. జేబులోంచి సుద్దముక్క తీసి, ఆయన కొట్లో గజంబద్ద పెట్టే బల్ల మీదే గీతలు గీశాను. పోటీకి ఇరవై నలుగురిదాకా తేలతారని అంచనా. ఇరవై నాలుగు గీతలు. ఒక రౌండు ఆడితే ఓడనివాళ్ళు సగం మంది, అంటే పన్నెండు. వాళ్ళలో వాళ్ళు ఆడితే ఆరు. మళ్ళీ ఆడితే మూడు. ముగ్గురిలో ఇద్దరు ఒకరితో ఒకరు ఆడతారు, మూడోవాడికి కింది వరుసలోంచి ఎవరినో తెచ్చి కూర్చోబెట్టాలి. అతనూ గెలిస్తే ఓడనివాళ్ళు ఇంకా ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరినీ ఐదో రౌండులో కూర్చోబెడితే ఒక్కరు తేలతారు.

"ఇద్దరికైతే ఒక రౌండు, నలుగురికి రెండు, ఎనిమిది మందికి మూడు, పదహారుకి నాలుగు, ముప్పై రెండుకి ఐదు," అన్నాను. "ఎంతమంది మొదలుపెట్టారో చూసుకోవాలి. ఇరవై నాలుగు పదహారు దాటింది, ముప్పై రెండుకి చేరలేదు. కాబట్టి ఐదు."

"డ్రా అయితే?"

"డ్రాలు పడితే లెక్క కొంచెం మారుతుంది. మనవాళ్ళు డ్రాకి ఒప్పుకునే రకమాండీ?"

ఆయన పెద్దగా నవ్వాడు. "ఐదు రౌండ్లు, రెండు రోజులు. బాగుంది. శనివారం మూడు, ఆదివారం రెండు. కరపత్రం అచ్చేయించేస్తా."

ఒకవేళ అంతా అయ్యాక కూడా ఇద్దరు సమానంగా ఉంటే ఏం చేయాలో నేనే చెప్పాను. ఒక్కొక్కరు ఎవరెవరితో ఆడారో చూసి, ఆ ప్రత్యర్థులందరి పాయింట్లూ కలపాలి. ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్ళు గట్టివాళ్ళతో ఆడినట్టు. వాళ్ళదే పైచేయి. అది కూడా కరపత్రంలో వేశారు.

ఇరవై మూడో పేరు నాది. ఇరవై నాలుగో పేరు ఒక ఆడమనిషిది.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. బదిలీ మీద వచ్చి ఆరేడు నెలలై ఉంటుంది. ముప్పై ఏళ్ళ మనిషి. ఊళ్ళో ఫోన్లున్న కొట్లవాళ్ళందరికీ ఆవిడ గొంతు తెలుసు, ముఖం తెలిసినవాళ్ళు తక్కువ. పేరు ఇవ్వడానికి ఆవిడ బట్టల కొట్టుకి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఎవరి పేరు రాయమంటావమ్మా? తమ్ముడిదా?" అన్నాడు సెక్రటరీ.

"నాదేనండి."

"ఆడవాళ్ళకి వేరే పోటీ పెట్టలేదమ్మా."

"వేరేది అడగలేదండి. ఇందులోనే ఆడతాను."

ఆయన నా వైపు చూశాడు. నేను, రూల్సులో ఆడా మగా అని ఎక్కడా లేదన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే గౌరవం కలిగింది. ఆవిడ నాకు నమస్కారం పెట్టి, "నాకు బెజవాడలో ఆడాలనుందండి," అంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో ఆడేదట. ఆయన పోయాక ఎదురు కూర్చునేవాళ్ళు లేరట. డ్యూటీలో కాల్సు లేనప్పుడు రెండు వైపులా తనే ఆడుకుంటుందట. "గెలుస్తానని కాదు. మంచి ఆటగాళ్ళతో ఒక్కసారి కూర్చోవాలని. జిల్లా పోటీ రోజులకి సెలవు అడిగి ఉంచాను కూడా. గెలవకుండానే సెలవడిగిందని మావాళ్ళు నవ్వుతున్నారు."

"గెలిస్తే గెలుస్తారు లెండి," అన్నాను. పెద్దమనిషి తరహాలో.

వేసవి సెలవులు కాబట్టి మా హైస్కూల్లోనే రెండు గదులు తెరిపించాం. మొదటి రౌండులో చీటీ తీస్తే ఆవిడకి విస్సన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక మామిడితోటల ఆసామి ఎదురు పడ్డాడు. ఇస్త్రీ పంచె, భుజాన కండువా, వెనక నలుగురు మనుషులు. ఆ చుట్టుపక్కల ఆయన్ని ఓడించినవాడు లేడని పేరు.

"ఏంటయ్యా మాస్టారూ," అన్నాడు అందరికీ వినపడేలా. "నేను ఆడటానికొస్తే ఆడపిల్లని ఎదురు కూర్చోబెట్టావు. మొదటి బోణీ కదా అని దయ చూపించావా?"

గంట కూడా పట్టలేదు. ఆయన మంత్రి పోయింది, ఆ వెనకే ఏనుగు. ఆయన మనుషులు ఒక్కొక్కరే వరండాలోకి నడిచారు. ఆట కట్టయ్యాక ఆయన కండువా దులుపుకుని లేచాడు.

"కాయ కోతకొచ్చింది. తోటకాడ మనుషుల్లేరు. వెళ్ళాలి," అన్నాడు.

"ఇంకా నాలుగు రౌండ్లున్నాయండి. మీరు ఆడొచ్చు," అన్నాను.

"ఆ నాలుగూ నువ్వే ఆడుకోవయ్యా."

రెండో రౌండులో ఆవిడకి ఎదురైనవాడు ఎ.కొండూరు దగ్గర ఒక ఊరి కరణం. ఓడిపోయిన అయిదు నిమిషాల్లో ఆయనకి బావమరిది పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. మూడో రౌండులో మా స్కూలు డ్రిల్లు మాస్టారు. ఆయనకి కడుపులో నెప్పి వచ్చింది. ఓడి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా కొందరున్నారు, వాళ్ళకి ఆవిడతో సంబంధం లేదు. ఓడినవాడు మళ్ళీ కూర్చోవడం మావాళ్ళకి అలవాటు లేదు, అంతే. కానీ ఆవిడ చేతిలో ఓడిన ముగ్గురూ వెళ్ళిన తీరు వేరు. వాళ్ళు నడిచి వెళ్ళలేదు, తప్పించుకుని వెళ్ళారు.

మేం వరండాలో నిలబడి నవ్వుకున్నాం. "ఈవిడ ముందు కూర్చుంటే ఎక్కడికి టికెట్టు కావాలంటే అక్కడికి బస్సు దొరుకుద్ది," అన్నాడు సెక్రటరీ. నేనూ నవ్వాను. లోపల మాత్రం మూడో రౌండు దగ్గరనుంచి నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే ఓడనివాళ్ళం ఇప్పుడు ముగ్గురమే. నేను, ఆవిడ, లారీ ఆఫీసు యజమాని సాయిబు గారు. రాజు గుర్రంలా దూకవచ్చని వాదించే గుంపుకి ఆయనే పెద్ద. ఊళ్ళో నాకు గట్టి పోటీ ఆయనే అనుకునేవాణ్ణి. ఆదివారం పొద్దున ముగ్గురం ఉండగా చీటీ తీశాం. ఆవిడకి సాయిబు గారు పడ్డారు. నాకు రెండు పాయింట్లున్న ఒక కిరాణా కొట్టాయన దొరికాడు. ఆ చీటీలో మోసం లేదు. అక్కడిదాకా దేనిలోనూ మోసం లేదు.

నా ఆట త్వరగా అయిపోయింది. లేచి వెళ్ళి ఆవిడ బల్ల వెనక నిలబడ్డాను.

సాయిబు గారి గుర్రం మీదకి దాడికి దారి ఉంది. ఎవరైనా అదే చేస్తారు. నేనైనా అదే చేసేవాణ్ణి. ఆవిడ చాలాసేపు చూసి, ఎక్కడో పక్కనున్న బంటుని ఒక గడి ముందుకి జరిపింది.

"ఏంటమ్మా, ఖాళీ ఎత్తేశావు?" అన్నారు సాయిబు గారు.

నాకూ అది ఖాళీ ఎత్తుగానే కనపడింది. నాలుగు ఎత్తుల తర్వాత సాయిబు గారి రాజు పారిపోవాల్సిన గడికి ఆ బంటు కాపలా కాస్తోందని తెలిసింది. నాకు తెలిసేసరికి ఆయనకీ తెలిసింది.

"ఓహో," అన్నారాయన. కుర్చీలో వెనక్కి వాలి గడ్డం నిమురుకున్నారు. "కట్టేశావు తల్లీ. ఇంట్లో చెప్పుకోను గానీ ఇక్కడ ఒప్పుకుంటున్నా." తన రాజుని తనే పడుకోబెట్టి, వెళ్ళిపోకుండా, టీ తెప్పించుకుని అక్కడే కూర్చున్నారు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఐదో రౌండులో నేను ఆవిడతో ఆడాలి. ఓడిపోతానని నాకు తెలుసు. అనుమానం కాదు, తెలుసు. వరండా నిండా జనం ఉన్నారు. నా దగ్గర చదివే పిల్లల తండ్రులు ఉన్నారు. రేపటినుంచి బస్టాండు దగ్గర నా గురించి ఏం మాట్లాడుకుంటారో మొత్తం వినపడింది. కడుపునెప్పి అంటూ వెళ్ళిపోయిన డ్రిల్లు మాస్టారిని నిన్న సాయంత్రం నేను ఏమని ఎగతాళి చేశానో కూడా గుర్తొచ్చింది.

అప్పుడే సెక్రటరీ పరుగులాంటి నడకతో వచ్చాడు. కప్పు ఇచ్చిన రైసుమిల్లు యజమాని అనుకున్నదానికన్నా ముందే వచ్చేశాడట. పొద్దుగూకేలోగా బెజవాడ చేరాలట.

"మాస్టారూ, ఆయన టీ తాగుతున్నాడు. ఆ తర్వాత ఆగడు. కప్పు ఆయన చేత ఇప్పించకపోతే వచ్చే ఏడు మొహం చూడడు. ఇంకో రౌండు తప్పదంటారా?"

తప్పదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. పెద్దాయన వెళ్ళిపోయినా కప్పు ఎవరో ఒకరు ఇచ్చేవాళ్ళు. ఆ మాట నా నోట్లో తయారుగానే ఉంది. నేను గది వైపు చూశాను. చాలా బల్లలు ఖాళీగా ఉన్నాయి. మిగిలినవాళ్ళని లెక్కపెట్టాను. ఎనిమిది మంది వెళ్ళిపోయారు. పదహారు మంది ఉన్నారు.

"ఎంతమంది ఉన్నామండి ఇప్పుడు?" అని నేనే అడిగాను.

"పదహారు," అన్నాడాయన లెక్కపెట్టి.

"పదహారు మందికి నాలుగు రౌండ్లేగా. మీకు ఆ రోజు చెప్పాను కదా."

ఆయన ముఖం విప్పారింది. "అవును, చెప్పారు! పదహారుకి నాలుగు. ఐదు ఇరవై నాలుగు మందికి కదూ!"

ఈ లెక్కలో ఎక్కడ దొంగతనం ఉందో చదివేవాళ్ళకి తెలియాలి. రౌండ్లు ఎన్ని కావాలో మొదలుపెట్టినవాళ్ళని బట్టి ఉంటుంది, మిగిలినవాళ్ళని బట్టి కాదు. వెళ్ళిపోయినవాళ్ళు ఓడి వెళ్ళారు. వాళ్ళు ఓడిన పాయింట్లు గెలిచినవాళ్ళ దగ్గర ఉన్నాయి. వాళ్ళు ఇంటికి పోయినంత మాత్రాన ఓడనివాళ్ళు ఒక్కరు కూడా తగ్గరు. ఇంత చెప్పక్కర్లేదు కూడా. నాలుగు రౌండ్లు చాలితే ఓడనివాళ్ళు ఒక్కరే మిగలాలి. ఇద్దరం మిగిలాం, ఒకే గదిలో, అందరి కళ్ళ ముందు. చాలలేదనడానికి మేమిద్దరమే సాక్ష్యం. అది పిల్లవాడికైనా తెలిసేది. కానీ నేను నల్లబల్ల దగ్గరికి వెళ్ళి రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని గుండ్రంగా రాసి, పదహారు కింద గీత గీశాను. మాస్టారు నల్లబల్ల మీద రాస్తే జనం చదువుతారు, తిరిగి లెక్క వేయరు.

సాయిబు గారు మాత్రం టీ గ్లాసు కింద పెట్టారు. "అదేంటి మాస్టారూ? ఈ అమ్మా మీరూ కూర్చుంటే గంటలో తేలిపోద్ది కదా? ఆయన్ని ఇంకో టీ తాగమనండి."

"దానికి రూలు ఉందండి. కరపత్రంలో వేశాం," అన్నాను.

ప్రత్యర్థుల పాయింట్లు కలిపాను. నాతో ఓడినవాళ్ళు ఊరివాళ్ళు. నాతో ఓడి వెళ్ళిపోలేదు, కూర్చుని తర్వాతి ఆటలు ఆడి గెలుచుకున్నారు. వాళ్ళందరివీ కలిపితే తొమ్మిది. ఆవిడతో ఓడిన ఆసామి మొదటి రౌండులోనే వెళ్ళాడు, సున్నా. కరణం ఒకటి. డ్రిల్లు మాస్టారు రెండు. సాయిబు గారు మూడు. మొత్తం ఆరు. ప్రతి రౌండులోనూ ఓడనివాళ్ళతోనే ఆడిన మనిషికి అంతకన్నా తక్కువ రావడం సాధ్యం కాదు. ఆవిడ ఓడించిన ప్రతివాడూ, చివరి ఆయన తప్ప, అక్కడే ఆట మానేశాడు కాబట్టి. నిజానికి ఓడని మనిషిని ఓడించింది ఆవిడ. నాకు నాలుగో ఆటలో దొరికింది అప్పటికే ఒకసారి ఓడిన కిరాణా కొట్టాయన. గట్టివాళ్ళతో ఆడినవాళ్ళకి పైచేయి ఇవ్వాలని పెట్టిన రూలు, అచ్చంగా తలకిందులుగా పనిచేసింది. అది నాకు కూడిక చేస్తుండగానే తెలుసు.

ఆవిడ బల్ల దగ్గరినుంచి లేచి నల్లబల్ల దాకా వచ్చింది. కోపంగా లేదు. అర్థం చేసుకోవాలని చూస్తున్నట్టుంది.

"వాళ్ళు వెళ్ళిపోతే నాకు తగ్గుతుందాండీ?"

"మీకు తగ్గలేదమ్మా. మీ నాలుగు పాయింట్లు మీకున్నాయి. మీ ప్రత్యర్థులకి తగ్గాయి."

"వాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో మీకు తెలుసు కదండీ."

నేను సుద్దముక్క చేత్తో పట్టుకుని నల్లబల్ల వైపు తిరిగాను, ఏదో సరిచూస్తున్నట్టు.

"మనిద్దరం ఆడలేదు కదండీ," అంది ఆవిడ మళ్ళీ.

వెనకనుంచి ఎవరో అన్నారు, "ఆడలేదు కదా అని ఆడమనిషే అడగాలా!" అని. వరండా అంతా నవ్వింది. ఆడ, ఆడలేదు. మాట బాగా కుదిరింది. నేనూ నవ్వాను. చేసిన పనులన్నిటిలో నాకు ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది ఆ నవ్వే. లెక్క మార్చడానికి భయం కారణం. నవ్వడానికి ఏ కారణమూ లేదు.

ఆవిడ చేతి గడియారం చూసుకుని, "నాకు డ్యూటీ ఉంది," అని సెక్రటరీకి చెప్పి వెళ్ళిపోయింది. నేను కప్పు తీసుకున్నాను. రైసుమిల్లు యజమాని నా భుజం తట్టి, "లెక్కల మాస్టారు లెక్క తప్పుతాడా!" అన్నాడు.

బెజవాడలో నేను బాగా ఆడలేదు. అది చెప్పుకోవాల్సిన సంగతి కాదు. చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మొదటిరోజు పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఒక పెద్దాయన, "తిరువూరులో ఎంతమంది ఆడారు?" అని మామూలుగా అడిగాడు. ఇరవై నాలుగు అన్నాను. "ఎన్ని రౌండ్లు?" అన్నాడు.

"ఐదు," అన్నాను.

ఆలోచించకుండా వచ్చింది ఆ మాట. పొరపాటు పడ్డానని, హడావుడిలో లెక్క తప్పిందని నాకు నేను చెప్పుకోవడానికి అంతదాకా కొంచెం చోటు ఉండేది. ఆ ఒక్క జవాబుతో ఆ చోటు కూడా పోయింది. తెలిసినవాళ్ళ ముందు ఎంత చెప్పాలో నాకు తెలుసు.

ఆ తర్వాత హెడ్‌మాస్టరు గదిలో ఫోను తీసినప్పుడల్లా ఆవిడ గొంతే. "నంబరు చెప్పండి." నా గొంతు గుర్తు పట్టేదో లేదో తెలియదు. ఎప్పుడూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. కొన్నాళ్ళకి ఫోను చేయాల్సిన పని ఉంటే అటెండరుని పంపడం మొదలుపెట్టాను. పిల్లలకి సంవర్గమానాలు చెప్పేటప్పుడు, ఒకటిని రెండుతో ఎన్నిసార్లు హెచ్చిస్తే ముప్పై రెండు అని అడగాల్సి వస్తుంది. టోర్నమెంటు రౌండ్ల కన్నా చక్కటి ఉదాహరణ దానికి లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా అది చెప్పలేదు.

మరుసటి ఏడు చలికాలంలో ఆవిడకి బదిలీ అయిందని తెలిసింది. ఒక మధ్యాహ్నం బోర్డు, పావులున్న పెట్టె సంచిలో వేసుకుని ఎక్స్ఛేంజికి వెళ్ళాను. లోపలికి రానివ్వరు. వరండాలో నిలబడి కబురు పంపితే, ఆవిడ చేతిలో టీ గ్లాసుతో బయటికి వచ్చింది.

"ఆ ఐదో రౌండు ఆడదామని వచ్చానండి," అన్నాను. ఆ మాట చాలా రోజులు సాధన చేశాను.

ఆవిడ సంచి వైపు చూసింది. "ఇక్కడా?"

"ఇక్కడైనా సరే. లేకపోతే మీకు వీలైన చోట."

"ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడక్కర్లేదండి. మనిద్దరికీ తెలిస్తే చాలు కదా."

"మనిద్దరికీ ఇప్పుడూ తెలుసు కదండీ మాస్టారూ."

ఆవిడ టీ ఒక గుక్క తాగింది. "నేను సోమవారం రిలీవ్ అవుతున్నాను. ఆదివారం ఖాళీయే. మీ స్కూల్లోనే పెట్టండి. సాయిబు గారిని పిలవండి, సెక్రటరీ గారిని పిలవండి. ఆ విస్సన్నపేట ఆయనకీ కబురు చేయండి. ఒక రౌండు మిగిలిపోయిందని చెప్పండి, చాలు. నేను పదింటికి వస్తాను. ఓడిపోయినా పర్వాలేదు నాకు."

"చూస్తానండి," అన్నాను.

మూడు రోజులు ఉంది. సాయిబు గారి ఆఫీసు ముందునుంచి రెండుసార్లు వెళ్ళాను. ఆయన రెండుసార్లూ పలకరించారు. బట్టల కొట్టుకి వెళ్ళి తువ్వాలు కొనుక్కుని వచ్చాను. ఒక రౌండు మిగిలిపోయింది అన్న మాటకి, ఎందుకు మిగిలింది అని అడుగుతారు. దానికి చెప్పాల్సిన జవాబు నేను అనలేకపోయాను. ఆదివారం స్కూలు తాళంచెవి నా దగ్గరే ఉంది. నేను ఇంట్లోనే ఉన్నాను. పది గంటలకి స్నానం చేశాను, పదకొండుకి అన్నం తిన్నాను, తలుపు దగ్గరికి వేసుకుని పడుకున్నాను.

ఆ తర్వాతి వారం మధ్యలో సాయిబు గారు సంతలో కనిపించారు.

"మాస్టారూ, మొన్న ఆదివారం టెలిఫోన్ అమ్మాయి మీ స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంది. నేను లారీ లోడు చూసుకుని వస్తూ చూశాను. తాళం వేసుంది కదా ఏంటమ్మా అంటే, ఏం లేదండి అని వెళ్ళిపోయింది. బదిలీ అయిందటగా? దేనికొచ్చి ఉంటుందంటారు?"

ఆయన నా ముఖంలోకి చూస్తున్నారు. అనుమానంతో కాదు. నాకు తెలుసేమోనని.

"ఏమోనండి, నాకు తెలియదు," అన్నాను.